కోల్డ్ స్టోరేజీలో అరటిపళ్లు

క్రోసూరు,
ఫిబ్రవరి 6.

అత్తయ్యకు,

ధరణి రాస్తున్నాను. కన్ను ఎలా ఉంది? ఫోన్లో అడుగుదామంటే మీకు వినపడదు. మీకు వినపడేట్టు నేను అరిస్తే వీధి వీధంతా వింటుంది. మొన్న కట్టు విప్పారా అని నాలుగుసార్లు అరిచాను. మీరు ఆఁ, ఆఁ అని పెట్టేశారు. అందుకే పాప నోటుబుక్కులో కాయితం చింపి ఈ ఉత్తరం. మీకు చదవడం, రాయడం బాగానే వచ్చు కాబట్టి జవాబు రాయండి. అయితే కన్ను నొప్పి పుట్టేదాకా రాయకండి.

ఆపరేషనుకి పదిహేను రోజులని వెళ్లారు. ఇవాళ్టికి ఇరవై రెండు. చుక్కల మందు వేయాలంటే ఇక్కడా వేయొచ్చు, నాకు చేతకాదా? పదకొండేళ్లుగా మీ బీపీ మాత్ర, మోకాళ్ల నూనె, పొద్దున రాగిజావ నేనే కదా చూసేది. నిఖిత అక్క పెద్ద కోడలే కానీ మీ సంగతులు ఆమెకేం తెలుసు? జావలో ఉప్పు దించేముందు వేయాలని చెప్పారా? చెప్పి ఉండరు. మొహమాటపడి తాగేస్తూ ఉంటారు.

మిరపకోత మొదలైంది. కల్లంలో కాయలు పరిచాం. మీరు లేకపోయేసరికి కూలీ ఆడవాళ్లు ఎండ తగ్గేదాకా చెట్టు కింద నుంచి లేవడం లేదు. నేను చెబితే నవ్వుతారు, మీరు చూస్తే లేస్తారు.

వచ్చే ఆదివారం మీ అబ్బాయిని పంపనా?

మీ కోడలు,
ధరణి


నరసరావుపేట,
ఫిబ్రవరి 12.

ధరణీ,

నీ ఉత్తరం అందింది. కన్ను బాగుంది. గోడ మీద క్యాలెండర్లో అంకెలు మంచంలో నుంచే కనపడతన్నయ్. నిఖిత మొహం మీద మచ్చలున్నయ్యని ఇప్పుడే తెలిసింది. చెప్పలా.

ఆదివారం హర్షని పంపమాక. తొందరేముంది, కోతల్లో వాడికి తీరికెక్కడిది.

ఇక్కడ మీ అక్క ఒక తిండి చేస్తంది. నువ్వు పుట్టి ఎరుగవు. అరటిపండుకి చాకలెట్టు తొడుగు. వాళ్ల ఫ్రిజ్ చూశావుగా, రెండు తలుపులది, మన బీరువాకి అన్నలాగుంటది. పండుకి పుల్ల గుచ్చి అందులో గడ్డ కట్టిస్తది. తర్వాత కరిగిన చాకలెట్టులో ముంచి, వేరుశనగపప్పు పొడి అద్ది మళ్లీ లోపల పెడతది. సాయంత్రం నాలుగింటికి నా చేతిలో పెట్టింది. నా కట్టుడు పళ్లు ఆ చల్లదనానికి ఊడి వస్తయ్యేమోనని భయపడ్డా. రాలా. పైన టప్పుమని పగులుద్ది, లోపల వెన్నపూస. ఐసుక్రీం అందామా అంటే ఐసుక్రీం కాదు, పండు అందామా అంటే పండూ కాదు. డెబ్బై రెండేళ్లకి కొత్త రుచి తెలిసింది నాకు.

ఇప్పుడు రోజూ నాలుగింటికి అదే. నాకు సుగరు లేదు కాబట్టి అడిగేవాళ్లూ లేరు.

నీ జావ సంగతి అడిగావు. నీ జావ బాగానే ఉంటది. జావ జావే, ఇది ఇదే.

పనిలో పడి అన్నం మానెయ్యమాక.

అత్త,
రామాయమ్మ


క్రోసూరు,
ఫిబ్రవరి 18.

అత్తయ్యకు,

మీ ఉత్తరం మీ అబ్బాయికి చదివి వినిపించాను. ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా. పదకొండేళ్లలో నా వంట మీద మీరు రెండు ముక్కలు రాసింది లేదు, చెప్పిందీ లేదు. ఉప్పు ఎక్కువైంది, పోపు మాడింది, ఇవే. అక్కడ ఒక్క అరటిపండు తింటే పేజీడు రాశారు.

ఫ్రిజ్ మాకూ ఉంది. ఒక తలుపుదైతే ఏం, అందులోనూ ఐసు పెట్టే అర ఉంది. శనివారం సంతలో డజను అరటిపళ్లు తెచ్చి రాత్రికి రాత్రే ఆ అరలో పెట్టాను. తెల్లారి తీస్తే రాళ్లు. తొక్క ఒలుద్దామంటే గోరు దిగలేదు. కత్తిపీట మీద పెట్టి కోశాను. తొక్కతో పాటు పండు పోయింది, కత్తిపీట మొన వంగింది. మీ అబ్బాయి గడప దగ్గర నిలబడి "సుత్తి తెమ్మంటావా" అన్నారు. ఆయనకు ఆ పూట మజ్జిగ పోయలేదు.

ఆమె ఎలా చేస్తుందో వివరంగా రాయండి. నా కోసం కాదు, పిల్లలు అడుగుతున్నారు.

అన్నట్టు కోతల్లో సాయానికి మా అమ్మ ఎడ్లపాడు నుంచి వచ్చింది. మీ మంచం మీదే పడుకుంటోంది. నేను ఏం వండినా "అమృతంలా ఉందమ్మా" అంటుంది. కనీసం ఒకరైనా అంటున్నారు.

ధరణి


నరసరావుపేట,
ఫిబ్రవరి 24.

ధరణికి,

అడిగావు కాబట్టి రాస్తున్నా.

తొక్కతో పెడతారటే ఎవరన్నా? ముందు ఒలవాల. మరీ మాగింది పనికిరాదు, కాస్త గట్టిగా ఉన్న చక్కెరకేళి కావాల. సగానికి కోసి, కోసిన పక్క నుంచి పుల్ల దూర్చాల. పళ్లెంలో నూనె కాయితం పరిచి ఒకదానికొకటి తగలకుండా పెట్టాల. నాలుగు గంటలు. చాకలెట్టు గిన్నెని మరిగే నీళ్ల గిన్నె మీద పెట్టి కరిగించాల, పొయ్యి మీద నేరుగా కాదు. చెంచాడు కొబ్బరినూనె వెయ్యాల. నీటిచుక్క పడిందా, మొత్తం పోయినట్టే. కరిగింది పొడుగు గ్లాసులో పోసి పండు ముంచి తియ్యాల, చూస్తుండగానే గట్టిపడుద్ది. పప్పుల పొడి ఆ లోపే అద్దాల. మీ అక్క ఇవన్నీ తడబడకుండా చేసుద్ది. ఓపిక ఉన్న మనిషి.

ఆ మంచం నులక పోయిన ఏడు నేను దగ్గరుండి అల్లించా. తల వైపు బిగువు, కాళ్ల వైపు కాస్త వదులు. నా నడుముకి సరిపోయేట్టు. మీ అమ్మ మనిషి భారీ కదా, నడిమిన కుంగిపోయి ఉంటది. కుంగితే కుంగనీ. అమృతం తిని హాయిగా పడుకోమను.

మీ అమ్మ వచ్చిందిగా, ఇంక నాతో పనేముంది. నువ్వు ఊపిరి తీసుకో. ఉగాది దాకా ఉండమంటంది నిఖిత. ఉంటా. ఆ తర్వాత సంగతి తర్వాత.

రామాయమ్మ


క్రోసూరు,
మార్చి 12.

అత్తయ్యకు,

రెండు వారాలు కోపంతో రాయలేదు. ఇప్పుడూ కోపం పోలేదు, కానీ మనసులో పెట్టుకుంటే అన్నం అరగడం లేదు.

ఉగాది దాకా అంటారు, తర్వాత సంగతి తర్వాత అంటారు. అంటే ఏంటి? మీ మందుల డబ్బా ఇక్కడుంది. మీ తెల్లచీరలు ఇక్కడున్నాయి. వీధిలో నేను తల ఎత్తుకోలేకపోతున్నాను. నిన్న అంజమ్మ పిన్ని పాల చెంబుతో వచ్చి, "ఏమే ధరణీ, వంతులేసుకున్నారంటగా? ముసలామెని మోయలేక పేటకి తోలారంటన్నారే అందరూ. అత్తలేని కోడలు ఉత్తమురాలని ఊరికే అన్నారా" అంది. వంతులట. పక్కింట్లో వాళ్ల నాన్నని నెలకో కొడుకు ఇంటికి సంచీతో తిప్పుతున్నారు చూడండి, అలా మిమ్మల్ని తిప్పుతున్నామని. నేను పొమ్మన్నానా? మీరే రావడం లేదని చెబితే ఎవరు నమ్ముతారు? నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

నిజం చెబుతాను. నాకు కడుపు మండుతోంది. నిఖిత అక్కకు మా కన్నా పెద్ద ఇల్లుంది, కారుంది, నాకు ఏనాడూ కన్ను కుట్టలేదు. సాయంత్రం నాలుగైతే మాత్రం ఆమె మీ చేతిలో పుల్ల పెడుతుంటుందని గుర్తొస్తుంది, చేస్తున్న పని పాడైపోతుంది.

మీరు రాసినట్టే చేశాను. ఐసు పుల్లలు దొరక్క కందికంప విరిచి పుల్లలు చెక్కాను. మొదటిసారి ఆవిరి చుక్క పడి చాక్లెట్ ఇసుక ముద్దలాగా అయింది. మా అమ్మ అది కూడా అమృతం అంది, అప్పుడు అర్థమైంది ఆవిడ మెప్పు విలువ. రెండోసారి తొడుగు కుదిరింది. టప్పుమంది కూడా. కానీ కరెంటు రోజుకు మూడుసార్లు పోతోంది, మా ఫ్రిజ్ అర నీళ్లు కారుస్తోంది. ఆదివారం మీ అబ్బాయి మీ దగ్గరకు వచ్చేదాకా అవి నిలవాలి.

దారి దొరికింది. మిరపకాయకు రేటు లేదని మన బస్తాలు కోల్డ్ స్టోరేజీలో పెట్టాం. అక్కడ గుమాస్తా షఫీక్ మీ అబ్బాయికి స్నేహితుడు. ఎంత కరెంటు పోయినా అక్కడ జనరేటరు ఆగదు. ఎనిమిది పళ్లు స్టీలు డబ్బాలో పెట్టి పంపించాను. మన బస్తాల మీదే పెట్టాడట. నాలుగు రోజులు అక్కడుండి ఆదివారం మీ చేతికి వస్తాయి.

తిన్నాక నిజం రాయండి. ఆమెవి బాగున్నాయా, నావా.

ధరణి


నరసరావుపేట,
మార్చి 17.

ధరణికి,

నేను నిఖితను. ఉత్తరాలు రాసే అలవాటు నాకు లేదు. ఫోన్ చేస్తే నోరు జారతానని రాస్తున్నాను.

నిన్న హర్ష తెచ్చిన డబ్బా మూత తీయగానే హాలంతా మిరపఘాటు. మీ బావగారు దగ్గుతూ వీధిలోకి పరిగెత్తారు. పళ్లు గడ్డ కట్టలేదు సరికదా, తొడుగు లోపల నల్లబడి మెత్తగా అయ్యాయి. మిరపకాయల గోడౌను చల్లగా ఉంటుంది కానీ ఐసు కట్టేంత కాదని నీకు తెలియకపోతే హర్షకైనా తెలియదా? ఆ చాక్లెట్ నాలుగు రోజులు బస్తాల ఘాటంతా పీల్చుకుంది. నేను వద్దు వద్దంటున్నా అత్తయ్య ఒకటి తీసి కొరికారు. కళ్లనుంచి ధారలు. చెయ్యి కంటి మీదకు పోతుంటే మణికట్టు పట్టుకుని ఆపాను. ఆపరేషనై రెండు నెలలు కాలేదు. సాయంత్రం డాక్టరుకు చూపించాం. ప్రమాదమేమీ లేదన్నాడు. ఉండి ఉంటే నిన్ను క్షమించేదాన్ని కాదు.

ఇంతవరకే రాసి ఆపుదామనుకున్నాను. కానీ ఆవిడ చేసింది చెప్పాలి. ఆస్పత్రి నుంచి వచ్చాక, చేతులు కడుక్కుని, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, సగం తిన్న ఆ పండు అడిగి తెప్పించుకుని మొత్తం తిన్నారు. పుల్ల కూడా చప్పరించారు. నేను చేసినవి ఏనాడూ సగం దాటి తినలేదు. "బాగుందమ్మా, చాలు" అంటారు. చుట్టాలింట్లో అన్నట్టు.

నీ మీద నాకు ఎంత ఒళ్లుమంటగా ఉందో నీకు తెలియదు. ఈ ఇంట్లో పొద్దున లేస్తే ధరణి ఇట్టా చేసుద్ది, ధరణి అట్టా చేసుద్ది. నీ ఉత్తరం వచ్చిన రోజు వాకిట్లో కూర్చుని మూడుసార్లు చదువుతారు, తనలో తను నవ్వుకుంటారు. జావలో ఉప్పు గురించి నీతో పోట్లాడతారట కదా. నేను ఉప్పు మర్చిపోయి ఇచ్చినా తాగారు. నాతో ఎందుకు పోట్లాడరు? మంచినీళ్లు కూడా నన్ను అడగరు, లేచి తెచ్చుకుంటారు. నేనేం పరాయిదాన్నా?

ఎందుకు రావడం లేదో నాకూ చెప్పడం లేదు. నువ్వే ఏదో అని ఉంటావు. ఆలోచించుకో.

నిఖిత


క్రోసూరు,
మార్చి 19.

అత్తయ్యకు,

అక్క ఉత్తరం చదివాను. కంటికి ఏమైనా అయ్యుంటే నేను బతికి ఏం లాభం. ఆమె మీద గెలవాలనే చూశాను, ఆ పండు తినేది మీరన్న సంగతి మర్చిపోయాను. తప్పు నాది.

చేసినదానికి ఎంత తిట్టినా పడతాను. కానీ అన్నదేంటో నాకు తెలియదు. నేను మిమ్మల్ని ఏమన్నాను అత్తయ్యా? నిన్నటి నుంచి అదే ఆలోచన. గుర్తు రావడం లేదు. మీరే చెప్పండి.

ధరణి


నరసరావుపేట,
మార్చి 22.

ధరణీ,

కన్ను బాగుంది, ఏడవమాక. ఆ పండు కారంగా ఉంది కానీ బాగానే ఉంది. ఈ ఇంట్లో కూరల్లో కారం ఉండదు, నోరు చచ్చిపోయి ఉంది నాకు.

ఒక సంగతి మీకెవరికీ చెప్పలా. నా ఎడమ చెవే పోయింది. కుడిది బాగానే ఉంది. ఫోను కావాలనే ఎడమ చెవికి పెట్టుకుంటా. రెండు చెవులూ పోయినయ్యని మీరంతా అనుకుంటే నేను కాదనలా. చెవిటిదాని ముందు ఎవరూ దాచరు. ఏ కోడలికి ఏం కష్టముందో, ఏ కొడుకు ఎక్కడ తప్పటడుగేశాడో అడక్కుండానే తెలిసేది.

నన్ను తీసుకుపోవటానికి మీ బావ మహేష్ కారు వచ్చిన రోజు. నువ్వు నా సంచి డిక్కీలో పెడతా, గోడ అవతలున్న అంజమ్మతో అన్నావు. "అమ్మయ్య పిన్నీ, పదిహేను రోజులు ఊపిరి పీల్చుకుంటా" అని. నువ్వు నాకు కుడిపక్కనే నిలబడున్నావు.

కోపం రాలా. వస్తే అక్కడే కడిగేసేదాన్ని. పదకొండేళ్లు నీకు ఊపిరాడకుండా చేశానా అనుకున్నా. కారు సత్తెనపల్లి దాటేదాకా అదే. నేను పనికొస్తన్నాననుకున్నా నీ ఇంట్లో. పిల్లల్ని చూస్తన్నా, కల్లం చూస్తన్నా. అడ్డమని తెలియలా.

అందుకే చాకలెట్టు పండు గురించి అంతంత రాశా. నిఖిత అది చేసింది మొత్తం ఐదుసార్లు. రోజూ అని నేనే కలిపా. నువ్వు కుళ్లుకుంటే నా విలువ ఇంకా మిగిలి ఉన్నట్టేగా అని చూశా. నువ్వు మీ అమ్మ సంగతి రాసేసరికి నేనే కుళ్లుకున్నా. ముసలితనంలో ఇదేం బుద్ధో.

నువ్వు ఊపిరి తీసుకోవాలంటే నేను ఇక్కడే ఉంటా. నిజం రాయి. నా మనసు నొచ్చుకుంటదని అబద్ధం రాయమాక.

రామాయమ్మ


క్రోసూరు,
మార్చి 24.

అత్తయ్యా,

అన్నాను. ఇప్పుడు గుర్తొచ్చింది. మీకు వినపడుతుందని తెలిస్తే అనేదాన్ని కాదు. కానీ నోటితో అనకపోయినా మనసులో అనుకునేదాన్నే.

అబద్ధం రాయొద్దన్నారు కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. మీరు వెళ్లిన తెల్లారి ఎండెక్కేదాకా పడుకున్నాను. పెళ్లయిన తర్వాత అలా పడుకోవడం అదే మొదలు. ఆ రోజు జావ కాయలేదు, రెండు కూరలు చేయలేదు, ఎవరికీ సమాధానం చెప్పలేదు. మనసు ఎంత తేలిగ్గా ఉందో చెప్పలేను. మర్నాడూ అంతే. మూడో రోజు పప్పులో ఉప్పు చూడమని గరిటె పట్టుకుని మీ మంచం దాకా వెళ్లి నిలబడ్డాను. ఆ తర్వాత నుంచి వంట చేయడానికి చెయ్యి రాలేదు. మీ అబ్బాయి ఏం పెట్టినా తింటారు, మా అమ్మ ఏం పెట్టినా అమృతమంటుంది. బాగాలేదని చెప్పేవాళ్లు లేకపోతే బాగుందో లేదో నాకెలా తెలుస్తుంది?

మీరు అడ్డం కాదు. అడ్డంగా ఉన్న రోజులు ఉన్నాయి. నేనూ మీకు అడ్డంగా ఉన్న రోజులు ఉండే ఉంటాయి. మీరొచ్చిన వారానికి మళ్లీ నాకు ఊపిరాడదు. ఆ సంగతి ముందే చెబుతున్నాను. అయినా రండి. అక్క ఇంట్లో మీరు మర్యాదగా సగం పండు తింటున్నారని తెలిశాక కూడా నా కుళ్లు తగ్గలేదు. ఆ సగం కూడా అక్కడ తినొద్దు.

ధరణి


నరసరావుపేట,
మార్చి 26.

ధరణీ,

శుక్రవారం హర్షని పంపు. కారు వద్దు, బస్సులో వస్తాం. ఉగాది పచ్చడి నీ చేత్తోనే. మీ అమ్మని వెళ్లనివ్వమాక, మంచం ఆమెనే ఉంచుకోమను. నాకు ఇంకోటి అల్లించుకుందాం. ఇద్దరం అరుగు మీద కూర్చుని నిన్ను చూసి ఏదో ఒకటి అంటంటాం.

నిఖిత ఏడుస్తంది. నిన్న మధ్యాహ్నం కూర నోట్లో పెట్టుకుని "ఏందే ఇది, కారం ఏ ఊళ్లో పారబోసి వచ్చావు" అన్నా. కంచం ముందే కళ్లనీళ్లు పెట్టుకుంది. తర్వాత వంటింట్లోకి పోయి నవ్వుకుంటా ఇంత కారం తెచ్చి పోసింది. ఇన్నాళ్లూ అది దీనికోసం చూస్తందని నాకు తెలియకపోయె. కాబట్టి రెండు నెలలు నీ కాడ, నెల దీని కాడ. మీ మామగారు పోయినప్పుడు పొలం పంచుకోవటానికి కూడా నా కొడుకులు ఇంత రచ్చ చెయ్యలా. అంజమ్మ అడిగితే అవును, వంతులే అని చెప్పు.

నా గురించి మళ్లీ ఎప్పుడన్నా ఏదన్నా అనాలనిపిస్తే, గోడ దాకా పోమాక. నా కుడిపక్కకి వచ్చి అను.

మీ అత్త